ఆన్‌లైన్ వేలంలో అభిప్రాయ నమోదు విధానం: కొనుగోలుదారుల, విక్రేతల అసంతృప్తికి కారణాలు - వ్యవసాయ మార్కెట్లకు పాఠాలు

సారాంశం

పరస్పర పరిచయం లేని వ్యక్తుల మధ్య జరిగే ఆన్‌లైన్ వేలంలో సరుకు నాణ్యతను గాని, ఎదుటివారి నిజాయితీని గాని ముందుగా పరీక్షించే అవకాశం పరిమితం. ఆ లోటును పూరించడానికి ఏర్పడినదే అభిప్రాయ నమోదు విధానం. 1996లో ఈబే సంస్థ ప్రవేశపెట్టిన ఈ విధానం విశ్వాసానికి ఆధారమైనప్పటికీ, ప్రతీకార భయం, మౌనం, బెదిరింపు, చిన్న విక్రేతలపై అసమాన భారం వంటి సమస్యలకు కూడా దారితీసింది. 2008లో విక్రేతలు కొనుగోలుదారులపై ప్రతికూల అభిప్రాయం నమోదు చేసే హక్కును తొలగించడంతో ఒక పక్షం ఫిర్యాదు తగ్గి, మరొక పక్షం ఫిర్యాదు పెరిగింది. ఈ వ్యాసం ఆ అనుభవాన్ని అందుబాటులో ఉన్న అధ్యయనాల ఆధారంగా విశ్లేషించి, జాతీయ వ్యవసాయ మార్కెట్ (ఈ-నామ్) వంటి ఎలక్ట్రానిక్ వేలం వేదికలకు, ఆన్‌లైన్‌లో సరుకు విక్రయించే రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు వర్తించే పాఠాలను వివరిస్తుంది.

ముఖ్య పదాలు: ఆన్‌లైన్ వేలం, అభిప్రాయ నమోదు, విశ్వసనీయత, ప్రతీకారం, ఈ-నామ్, రైతు ఉత్పత్తిదారుల సంఘాలు.

ఉపోద్ఘాతం

పసుపు మార్కెట్ యార్డులో ఖరీదుదారు రాశి ముందు నిలిచి ఒక కొమ్మును విరిచి చూస్తాడు. బాగా ఎండిన కొమ్ము గణగణమని శబ్దం చేస్తూ విరుగుతుంది. తేమ ఉన్నది వంగుతుంది. విరిగిన చోట రంగును చూసి ధర మనస్సులో నిర్ణయించుకుంటాడు. మిరప యార్డులో కాయను పిడికిట పట్టి, రంగును, తొడిమను, ఘాటును పరిశీలిస్తారు. రైతు కూడా ఖరీదుదారును పరిశీలిస్తాడు. గత సంవత్సరం డబ్బు సకాలంలో ఇచ్చినవాడెవడు, తూకం తరువాత తరుగు పేరుతో కోత పెట్టినవాడెవడు అన్న సమాచారం యార్డులో నోటి మాటగా తిరుగుతూనే ఉంటుంది. సరుకును చేతితో, మనిషిని ముఖపరిచయంతో అంచనా వేసే ఈ పద్ధతికి అనేక లోపాలున్నా, వ్యాపారానికి అవసరమైన విశ్వాసాన్ని అది ఏదో ఒక మేరకు సమకూరుస్తుంది.

వేలం ఆన్‌లైన్‌కు మారినప్పుడు ఈ రెండు ఆధారాలు బలహీనపడతాయి. నాణ్యత గురించి విక్రేతకు తెలిసినంత కొనుగోలుదారుకు తెలియనప్పుడు మార్కెట్ ఎలా దెబ్బతింటుందో ఆర్థికవేత్త జార్జ్ అకెర్లాఫ్ 1970లో ప్రచురించిన వ్యాసంలో పాత కార్ల ఉదాహరణతో వివరించారు. మంచి సరుకును, నాసిరకాన్ని వేరు చేయలేని కొనుగోలుదారు రెండింటికీ మధ్యస్థమైన ధరనే ఇవ్వజూపుతాడు. ఆ ధర గిట్టుబాటు కాక మంచి సరుకు గలవారు మార్కెట్ నుండి తప్పుకుంటారు. మిగిలిన సరుకు నాణ్యత మరింత తగ్గుతుంది, దానితో ధర ఇంకా పడిపోతుంది. ఈ విషవలయాన్ని ఛేదించడానికి హామీ, తనిఖీ, పేరు ప్రతిష్ఠ అనే మూడు సాధనాలున్నాయి. ఆన్‌లైన్ వేలం సంస్థలు తొలినాళ్లలో ప్రధానంగా మూడవదానిపై ఆధారపడ్డాయి. ఆ ఆధారం ఎక్కడ నిలిచిందో, ఎక్కడ కుంగిందో తెలుసుకోవడం వ్యవసాయ మార్కెటింగ్ రంగంలో పనిచేసే విస్తరణ శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు ఎంతో అవసరం.

విధానం పుట్టుక, నిర్మాణం

పియెర్ ఒమిడ్యార్ 1995 సెప్టెంబరులో అమెరికాలో ప్రారంభించిన ఆక్షన్‌వెబ్ అనే వేలం వేదికే తరువాత ఈబేగా పేరు మార్చుకుంది. వేలం పాడినవారు డబ్బు పంపడం లేదని విక్రేతలు, డబ్బు పంపినా సరుకు రాలేదని కొనుగోలుదారులు నిర్వాహకునికి ఫిర్యాదు చేయసాగారు. ప్రతి తగవును నిర్వాహకుడే తీర్చడం సాధ్యం కాని పని. అందువల్ల 1996 ఫిబ్రవరిలో అభిప్రాయ వేదిక ఏర్పాటైంది. లావాదేవీ ముగిసిన తరువాత రెండు పక్షాలవారు ఒకరిపై ఒకరు అనుకూల, తటస్థ, ప్రతికూల అభిప్రాయాలలో ఒకదానిని, ఒక చిన్న వ్యాఖ్యతో సహా, నమోదు చేయవచ్చు. అనుకూలానికి ఒక మార్కు కలుస్తుంది, ప్రతికూలానికి ఒక మార్కు తగ్గుతుంది, తటస్థానికి మార్పు ఉండదు. ఈ మొత్తం సభ్యుని పేరు పక్కన అందరికీ కనిపిస్తుంది.

ఈ విధానంలో మూడు లక్షణాలు గమనించదగినవి. మొదటిది, అభిప్రాయం ఇవ్వడం స్వచ్ఛందం. ఇచ్చినవారికి ప్రత్యక్ష లాభం లేదు, ఇవ్వనివారికి నష్టమూ లేదు. రెండవది, ఒకరు ఇచ్చిన అభిప్రాయం రెండవవారికి వెంటనే కనిపిస్తుంది. దానిని చూసిన తరువాత రెండవవారు తమ అభిప్రాయాన్ని నిర్ణయించుకోవచ్చు. మూడవది, చిన్న లావాదేవీకి, పెద్ద లావాదేవీకి ఒకటే మార్కు. తరువాతి కాలంలో తలెత్తిన ఫిర్యాదులలో అత్యధికం ఈ మూడు లక్షణాల నుండి పుట్టినవే.

పేరుకు నిజంగా విలువ ఉందా అన్న ప్రశ్నకు ప్రయోగపూర్వకమైన సమాధానం లభించింది. పాల్ రెస్నిక్, రిచర్డ్ జెక్‌హౌజర్, వారి సహచరులు 2006లో ప్రచురించిన అధ్యయనంలో, మంచి పేరున్న ఒక విక్రేత ఒకే రకమైన పాత పోస్టుకార్డులను కొన్నిటిని తన పాత పేరుతోను, కొన్నిటిని కొత్తగా సృష్టించిన పేర్లతోను వేలానికి పెట్టాడు. సరుకు, విక్రేత ఒకటే అయినా పాత పేరుకు కొనుగోలుదారులు సగటున 8.1 శాతం ఎక్కువ చెల్లించడానికి సిద్ధపడినట్లు తేలింది. పేరుకు ధర ఉన్నప్పుడు దానిని పెంచుకోవడానికే గాక, కృత్రిమంగా కాపాడుకోవడానికి, ఇతరుల పేరును బెదిరింపు సాధనంగా వాడుకోవడానికి కూడా ప్రయత్నాలు జరుగుతాయి.

కొనుగోలుదారుల అసంతృప్తి: ప్రతీకార భయం, మౌనం

1999 నాటి ఈబే లావాదేవీలను పరిశీలించిన రెస్నిక్, జెక్‌హౌజర్‌ల అధ్యయనం ప్రకారం కొనుగోలుదారులు సగానికి కొంచెం పైగా లావాదేవీలకు మాత్రమే అభిప్రాయం నమోదు చేశారు. అలా నమోదైన వాటిలో 99.1 శాతం అనుకూలమైనవే. పైకి చూస్తే ఇది అత్యంత నిజాయితీగల మార్కెట్‌గా కనిపిస్తుంది. అయితే అభిప్రాయం ఇవ్వని మిగిలిన సగం మంది మాటేమిటన్నది అసలు ప్రశ్న.

క్రిసాంతోస్ డెల్లారోకస్, చార్లెస్ వుడ్ 2008లో ప్రచురించిన అధ్యయనం ఈ మౌనాన్నే పరిశీలనాంశంగా తీసుకుంది. అసంతృప్తి చెందినవారు తృప్తి చెందినవారికంటె ఎక్కువగా మౌనం వహిస్తారన్న అవగాహనతో, అభిప్రాయాలు నమోదైన తీరును, సమయాన్ని విశ్లేషించి, వాస్తవంగా తృప్తి చెందిన కొనుగోలుదారులు సుమారు 79 శాతమని, విక్రేతలు సుమారు 86 శాతమని వారు అంచనా వేశారు. 99 శాతానికి, 79 శాతానికి మధ్య ఉన్న అంతరమే నమోదు కాని అసంతృప్తి.

కొనుగోలుదారులు ఎందుకు మౌనం వహించారన్నదానికి ప్రధాన కారణం ప్రతీకార భయం. వస్తువు వర్ణనకు అనుగుణంగా లేదని కొనుగోలుదారు ప్రతికూల అభిప్రాయం నమోదు చేస్తే, విక్రేత మరుక్షణమే అతనిపై ప్రతికూల అభిప్రాయం నమోదు చేయగలడు. సకాలంలో డబ్బు చెల్లించి తన బాధ్యత పూర్తిగా నెరవేర్చిన కొనుగోలుదారు సైతం ఆ మచ్చను మోయవలసి వచ్చేది. దీనిని తప్పించుకోవడానికి కొందరు అభిప్రాయ నమోదుకు గడువు ముగిసే చివరి గడియల వరకు వేచి ఉండి, ఎదుటివారికి బదులివ్వడానికి సమయం లేకుండా నమోదు చేసేవారు. మరికొందరు అసలు నమోదు చేయడమే మానుకునేవారు.

పరస్పర అంగీకారంతో అభిప్రాయాన్ని ఉపసంహరించుకునే సౌకర్యం ఈ సమస్యను మరింత జటిలం చేసింది. పొరపాటున నమోదైన వాటిని సరిదిద్దడానికి ఉద్దేశించిన ఈ సౌకర్యాన్ని కొందరు విక్రేతలు బేరసారాలకు వాడుకున్నారు. ముందుగా ప్రతీకారంగా ప్రతికూల అభిప్రాయం నమోదు చేయడం, అనంతరం "మీరు ఉపసంహరించుకుంటే మేమూ ఉపసంహరించుకుంటాము" అని ప్రతిపాదించడం పరిపాటి అయింది. ఫలితంగా న్యాయమైన ఫిర్యాదు రికార్డు నుండి తొలగిపోయేది. తరువాత వచ్చే కొనుగోలుదారుకు హెచ్చరిక అందేది కాదు.

విక్రేతల అసంతృప్తి: ఒక్క మచ్చ బరువు

విక్రేతల వాదనను తేలికగా తీసుకోవడానికి వీలు లేదు. వేలం పాడి డబ్బు చెల్లించని వ్యక్తి విక్రేత సమయాన్ని, నిజమైన రెండవ పాటదారును కూడా దూరం చేస్తాడు. అటువంటివారిని ఇతర విక్రేతలకు గుర్తు చేసే ఏకైక సాధనం ప్రతికూల అభిప్రాయమే. అంతేగాక, పాక్షికంగా డబ్బు తిరిగి ఇవ్వకపోతే ప్రతికూల అభిప్రాయం నమోదు చేస్తానని బెదిరించే కొనుగోలుదారులను నిలువరించడానికి కూడా విక్రేత చేతిలో ఉన్న ఆయుధం అదే.

లూయిస్ కాబ్రాల్, అలీ హొర్తాచ్సు 2010లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఒక విక్రేతకు మొదటి ప్రతికూల అభిప్రాయం అందేవరకు వారానికి సగటున 5 శాతం చొప్పున పెరుగుతున్న అమ్మకాలు, అది అందిన తరువాత వారానికి 8 శాతం చొప్పున తగ్గసాగాయి. అంటే ఆ తొలి మచ్చ కేవలం మనస్తాపం కలిగించేది కాదు, జీవనోపాధిపై ప్రభావం చూపేది.

ఈ భారం అందరిపై సమానంగా పడదు. సామాన్య గణితంతోనే ఇది స్పష్టమవుతుంది. 20 అభిప్రాయాలు గల కొత్త విక్రేతకు ఒక ప్రతికూల అభిప్రాయం వస్తే అతని అనుకూల శాతం 95కు పడిపోతుంది. 2000 అభిప్రాయాలు గల పెద్ద విక్రేతకు అదే ఒక్క అభిప్రాయం వస్తే అనుకూల శాతం 99.95 దగ్గర నిలుస్తుంది. తప్పు ఒకటే, శిక్ష మాత్రం వేరు. పెద్ద విక్రేతకు 2000 లావాదేవీలలో 100 తప్పులు జరిగితే గాని చిన్న విక్రేత స్థాయికి అతడు దిగిరాడు. కొత్తగా మార్కెట్‌లో ప్రవేశించిన చిన్న విక్రేతలు ఈ విధానాన్ని అన్యాయంగా భావించడానికి మూలం ఇదే.

2007-08 మార్పులు, వాటి పర్యవసానం

ఈ ఫిర్యాదుల నేపథ్యంలో ఈబే రెండు దశలలో మార్పులు చేసింది. 2007లో విక్రేతలకు వివరణాత్మక రేటింగులను ప్రవేశపెట్టింది. వస్తువు వర్ణనకు అనుగుణంగా ఉండడం, సమాచార సంబంధాలు, సరుకు పంపడంలో వేగం, రవాణా ఖర్చుల సమంజసత్వం అనే నాలుగు అంశాలపై కొనుగోలుదారు 1 నుండి 5 వరకు నక్షత్రాలు ఇవ్వవచ్చు. ఏ కొనుగోలుదారు ఎన్ని నక్షత్రాలు ఇచ్చాడో విక్రేతకు తెలియదు. సగటు మాత్రమే కనిపిస్తుంది. కాబట్టి ప్రతీకారానికి అవకాశం లేదు. 2008 మే నెల నుండి విక్రేతలు కొనుగోలుదారులపై ప్రతికూల, తటస్థ అభిప్రాయాలు నమోదు చేసే హక్కును తొలగించింది. పరస్పర ఉపసంహరణ సౌకర్యాన్ని కూడా రద్దు చేసింది.

ఈ ప్రకటన వెలువడిన వెంటనే విక్రేతలు తీవ్రంగా వ్యతిరేకించారు. రుసుముల మార్పుపై ఉన్న అసంతృప్తి కూడా తోడై, 2008 ఫిబ్రవరి 18 నుండి వారం రోజుల పాటు అనేకమంది విక్రేతలు వస్తువులను వేలానికి పెట్టకుండా బహిష్కరణ పాటించారు. డబ్బు చెల్లించనివారి గురించి ఇక తోటి విక్రేతలను హెచ్చరించే మార్గమేదని, బెదిరించేవారికి ఇక అడ్డేమిటని వారు ప్రశ్నించారు. డబ్బు చెల్లించని పాటదారులపై సంస్థకు నేరుగా నివేదించడం, అటువంటి చరిత్ర గలవారు తమ వేలంలో పాల్గొనకుండా నిరోధించడం వంటి ప్రత్యామ్నాయాలు వారికి లభించాయి. అయితే సంస్థ దగ్గర ఉండే రహస్య రికార్డు, అందరూ చూడగల బహిరంగ రికార్డు ఒకటి కావన్నది విక్రేతల అభ్యంతరం.

నక్షత్రాల రేటింగుపై మరో రెండు ఫిర్యాదులు తలెత్తాయి. సాధారణ కొనుగోలుదారు దృష్టిలో ఐదింట నాలుగు నక్షత్రాలంటే బాగున్నదని అర్థం. కాని రుసుములో రాయితీ పొందడానికి విక్రేతకు 4.6 లేదా అంతకంటె ఎక్కువ సగటు అవసరమైనది. మెచ్చుకునే ఉద్దేశంతో ఇచ్చిన నాలుగు నక్షత్రాలే విక్రేతను నష్టపరిచేవి. కొలమానాన్ని తయారుచేసినవారి అర్థం, దానిని ఉపయోగించేవారి అర్థం వేరైనప్పుడు వచ్చే చిక్కు ఇది. రెండవది, సరుకు చేరడంలో జాప్యం తపాలా సంస్థ వలన జరిగినా మార్కు తగ్గేది మాత్రం విక్రేతకే.

అయినప్పటికీ ఈ మార్పు నిష్ఫలం కాలేదు. టోబియాస్ క్లైన్, క్రిస్టియన్ లాంబెర్ట్జ్, కొన్రాడ్ స్టాల్ 2016లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 2008 మార్పు తరువాత కొనుగోలుదారుల తృప్తి గణనీయంగా పెరిగింది. అదే సమయంలో విక్రేతలు మార్కెట్‌ను వదలిపోయే రేటు పెరగలేదు. అంటే నిర్భయంగా అభిప్రాయం చెప్పే అవకాశం ఏర్పడినప్పుడు, అప్పటివరకు అశ్రద్ధగా ఉన్న విక్రేతలు తప్పుకోవడానికి బదులు తమ ప్రవర్తనను మెరుగుపరచుకున్నారని ఈ ఫలితం సూచిస్తుంది. విక్రేతల ఆందోళనలో న్యాయం ఉన్నా, మార్కెట్ మొత్తానికి మేలు జరిగిందన్న నిర్ణయానికి ఇది ఆధారం.

ప్రత్యామ్నాయ నిర్మాణాలు

గ్యారీ బోల్టన్, బెన్ గ్రైనర్, యాక్సెల్ ఓకెన్‌ఫెల్స్ 2013లో ప్రచురించిన అధ్యయనం ప్రతీకార సమస్యకు రెండు పరిష్కారాలను పోల్చి చూసింది. మొదటిది గుప్త పద్ధతి: రెండు పక్షాలు అభిప్రాయం నమోదు చేసేవరకు లేదా గడువు ముగిసేవరకు ఎవరి అభిప్రాయమూ ఎవరికీ కనిపించదు. రెండవది ఏకపక్ష పద్ధతి: కొనుగోలుదారు మాత్రమే విక్రేతను అంచనా వేస్తాడు. ఈబే ఏకపక్ష మార్గాన్ని ఎన్నుకుంది. బస ఏర్పాట్ల సంస్థ ఎయిర్‌బీఎన్‌బీ 2014లో గుప్త పద్ధతిని అమలు చేసింది. అతిథి ప్రవర్తన వలన ఇంటి యజమానికి నష్టం కలిగే అవకాశం ఉన్న చోట రెండు వైపుల సమాచారం అవసరమే. అందువల్ల అక్కడ గుప్త పద్ధతి సముచితమైంది. కొనుగోలుదారు బాధ్యత డబ్బు చెల్లించడానికే పరిమితమైనప్పుడు, ఆ చెల్లింపును వేదికే స్వయంగా ధ్రువీకరించగలిగినప్పుడు, ఏకపక్ష పద్ధతి సరిపోతుంది.

మౌనాన్ని కూడా లెక్కలోకి తీసుకునే పద్ధతిని క్రిస్ నోస్కో, స్టీవెన్ టాడెలిస్ ప్రతిపాదించారు. అనుకూల అభిప్రాయాలను, వచ్చిన అభిప్రాయాల సంఖ్యతో గాక, మొత్తం లావాదేవీల సంఖ్యతో భాగించాలన్నది దీని సారం. ఒక ఊహాత్మక ఉదాహరణను గమనించవచ్చు. ఇద్దరు విక్రేతలు చెరి 100 లావాదేవీలు జరిపారనుకుందాం. మొదటివానికి 60 అనుకూల, 1 ప్రతికూల అభిప్రాయాలు వచ్చాయి. 39 మంది మౌనం వహించారు. రెండవవానికి 90 అనుకూల, 2 ప్రతికూల అభిప్రాయాలు వచ్చాయి. 8 మంది మౌనం వహించారు. సాధారణ పద్ధతిలో మొదటివాని శాతం 98.4, రెండవవాని శాతం 97.8. మొదటివాడే మేలనిపిస్తుంది. మౌనాన్ని లెక్కించే పద్ధతిలో మొదటివాని శాతం 60, రెండవవాని శాతం 90. తీర్పు పూర్తిగా తారుమారవుతుంది.

వ్యవసాయ ఎలక్ట్రానిక్ వేలానికి అన్వయం

జాతీయ వ్యవసాయ మార్కెట్ 2016 ఏప్రిల్ 14న 8 రాష్ట్రాలలోని 21 మార్కెట్లతో ప్రారంభమైంది. చిన్న రైతుల వ్యవసాయ వ్యాపార కన్సార్టియం దీనిని నిర్వహిస్తున్నది. పసుపు వ్యాపారానికి ప్రసిద్ధి చెందిన నిజామాబాద్ మార్కెట్ తొలి దశలోనే ఇందులో చేరింది. సరుకు యార్డు గేటు వద్ద నమోదై, లాటు సంఖ్య పొంది, నాణ్యత పరీక్ష పూర్తయిన తరువాత ఖరీదుదారులు కంప్యూటర్ లేదా మొబైల్ ద్వారా ధర నమోదు చేస్తారు. అత్యధిక ధర నచ్చకపోతే రైతు అంగీకరించకుండా ఉండవచ్చు. అంగీకరించిన తరువాత తూకం, అమ్మకపు బిల్లు, చెల్లింపు వరుసగా జరుగుతాయి.

సాధారణ వస్తువుల వేలానికి, వ్యవసాయ వేలానికి మధ్య నాలుగు ప్రధాన వ్యత్యాసాలున్నాయి. వీటిని విస్మరించి నక్షత్రాల విధానాన్ని యథాతథంగా దిగుమతి చేసుకుంటే ఈబే అనుభవంలోని లోపాలు మరింత తీవ్రంగా పునరావృతమవుతాయి.

1. లావాదేవీల సంఖ్య: చిన్న రైతు ఒక పంటను సంవత్సరానికి ఒకటి రెండు సార్లు మాత్రమే మార్కెట్‌కు తెస్తాడు. పది అభిప్రాయాలు పోగవడానికే అనేక సంవత్సరాలు పడుతుంది. అంత తక్కువ సంఖ్యపై లెక్కించిన సగటుకు గణాంకపరంగా విలువ లేదు. అదే ఖరీదుదారు ఒక్క సీజనులోనే వందలాది లాట్లు కొంటాడు. కాబట్టి అర్థవంతమైన రికార్డు ఏర్పడేది ఖరీదుదారు విషయంలోనే.

2. బలాబలాలు: ఈబేలో కొనుగోలుదారు ఒక విక్రేతను కాదని వేల మందిలో మరొకరిని ఎన్నుకోగలడు. యార్డులో ఒక సరుకు కొనే ఖరీదుదారులు పరిమితం. వారు ఒకరికొకరు తెలిసినవారు. ఒక ఖరీదుదారుపై ఫిర్యాదు చేసిన రైతు లాటుకు మరుసటిసారి పాటలే తగ్గుతాయేమోనన్న భయం సహజం. అప్పు, అడ్వాన్సు సంబంధాలు ఉన్నచోట ఈ భయం రెట్టింపవుతుంది. ఈబే కొనుగోలుదారుకు పోయేది కొన్ని మార్కులు. రైతుకు పోయేది ఆ సంవత్సరపు పంట ధర.

3. నాణ్యతను కొలిచే అవకాశం: పాత పోస్టుకార్డు నాణ్యతను యంత్రంతో కొలవలేరు. పసుపులో తేమను, కుర్కుమిన్ శాతాన్ని, ధాన్యంలో తేమను, వ్యర్థాలను కొలవవచ్చు. కొలవగలిగిన చోట అభిప్రాయం కంటె పరీక్ష ఫలితమే విశ్వసనీయమైన ఆధారం. వ్యవసాయోత్పత్తుల శ్రేణీకరణ, మార్కింగ్ చట్టం 1937లోనే వచ్చిందంటే, సరుకు నాణ్యతను మనిషి పేరు నుండి వేరు చేయాలన్న ఆలోచన ఎంత పాతదో గ్రహించవచ్చు.

4. రవాణాలో మార్పు: ఇతర రాష్ట్రపు ఖరీదుదారు సరుకును చూడకుండా పాట పాడినప్పుడు, యార్డులో ఎక్కించిన సరుకు, గమ్యంలో దించిన సరుకు ఒకే నాణ్యతతో ఉండకపోవచ్చు. తేమలో మార్పు, బస్తాలు తడవడం, లోడింగ్ నష్టం మొదలైన వాటికి బాధ్యులెవరో తేల్చకుండా రేటింగు అడిగితే, తపాలా జాప్యానికి ఈబే విక్రేత శిక్ష అనుభవించినట్లే రైతు కూడా తనది కాని తప్పుకు శిక్ష అనుభవిస్తాడు.

ఈ వ్యత్యాసాల దృష్ట్యా, వ్యవసాయ వేలం వేదికలలో అభిప్రాయాలకంటె సంఘటనల రికార్డుకు ప్రాధాన్యం ఇవ్వడం సముచితం. పాట గెలిచిన తరువాత ఖరీదుదారు ఎన్ని లాట్లను తిరస్కరించాడు, తూకానికి చెల్లింపుకు మధ్య ఎన్ని రోజులు గడిచాయి, పాట ధరకు అమ్మకపు బిల్లు ధరకు మధ్య తేడా ఎంత, తరుగు పేరుతో ఎంత కోత పడింది అన్న వివరాలను వేదిక లావాదేవీ దశల నుండే సేకరించవచ్చు. ఇందుకు రైతు ఎవరిపైనా వేలెత్తి చూపవలసిన అవసరం లేదు. ప్రతీకారానికి లక్ష్యమయ్యే వ్యక్తి ఉండడు. మౌనం సమస్య కూడా తలెత్తదు, ఎందుకంటే ప్రతి లావాదేవీ లెక్కలోకి వస్తుంది.

రైతు ఉత్పత్తిదారుల సంఘాలు: పేరును కూడబెట్టే మార్గం

పసుపు పొడి, మిరప పొడి, చిరుధాన్యాలు, మామిడి వంటి ఉత్పత్తులను ఆన్‌లైన్‌లో వినియోగదారులకు నేరుగా విక్రయించే రైతు ఉత్పత్తిదారుల సంఘాలు నేడు ఈబేలోని చిన్న విక్రేతల స్థితిలోనే ఉన్నాయి. అక్కడ ఏకపక్ష రేటింగు విధానం అనివార్యం. తొలి 20 అభిప్రాయాలలో ఒక్క ప్రతికూల అభిప్రాయం వచ్చినా సంఘం శాతం 95కు పడిపోతుంది. అయితే సంఘానికి వ్యక్తిగత రైతుకు లేని ఒక సౌలభ్యం ఉంది. వందలాది రైతుల సరుకు ఒకే పేరుతో అమ్ముడుపోవడం వలన లావాదేవీల సంఖ్య త్వరగా పెరుగుతుంది. ఒక మచ్చ బరువు తగ్గుతుంది.

ఇందులోనే ఒక ప్రమాదమూ ఉంది. ఒక సభ్యుడు సరిగా ఎండని సరుకు కలిపితే దాని ఫలితాన్ని సభ్యులందరూ అనుభవించాలి. ఉమ్మడి పేరు ఉమ్మడి పొలం గట్టు వంటిది. ఒకచోట గండి పడితే అందరి మడులూ ఎండుతాయి. కాబట్టి సేకరణ సమయంలోనే లాటువారీగా పరీక్షించడం, సభ్యుని పేరుతో నమూనాను భద్రపరచడం, ఫిర్యాదు వచ్చినప్పుడు అది ఏ లాటుకు చెందినదో గుర్తించగలగడం సంఘం అంతర్గత క్రమశిక్షణలో భాగం కావాలి.

విస్తరణ శాస్త్రవేత్తలకు సూచనలు

1. ఆన్‌లైన్ అమ్మకం ప్రారంభించే సంఘాలకు శిక్షణ ఇచ్చేటప్పుడు, సరుకు వర్ణన వాస్తవం కంటె మెరుగ్గా ఉండకూడదని ప్రత్యేకంగా బోధించాలి. అసంతృప్తి పుట్టేది తరచు నాణ్యత లోపం వలన గాక, వర్ణనకు వాస్తవానికి మధ్య ఉన్న తేడా వలన.

2. తొలి లావాదేవీలలో అత్యంత జాగ్రత్త వహించవలసిందిగా చెప్పాలి. కొత్త విక్రేతకు మొదటి మచ్చ వలన కలిగే నష్టమే అధికం.

3. సరుకు పంపే ముందు ఫొటో, తూకం, తేమ శాతం, పంపిన తేదీ నమోదు చేసి ఉంచడం అలవాటు చేయాలి. వివాదం తలెత్తినప్పుడు మాటకంటె రికార్డు బలమైనది.

4. ప్రతికూల వ్యాఖ్యకు కోపంతో సమాధానం ఇవ్వరాదని వివరించాలి. ఆ సమాధానాన్ని చదివేది ఫిర్యాదు చేసిన వ్యక్తి ఒక్కడే కాదు. తరువాత కొనదలచిన ప్రతి ఒక్కరూ చదువుతారు. తప్పు ఉంటే అంగీకరించి పరిహారం తెలపడం, లేకపోతే రికార్డును మర్యాదగా ఉటంకించడం శ్రేయస్కరం.

5. మార్కెట్ కమిటీలతో సంప్రదించేటప్పుడు, ఖరీదుదారుల చెల్లింపు జాప్యం, పాట అనంతర తిరస్కరణల వివరాలను నెలవారీగా యార్డులో ప్రదర్శించవలసిన అవసరాన్ని తెలియజేయాలి.

6. నాణ్యత పరీక్షపై అభ్యంతరం ఉన్నప్పుడు, రైతు సమక్షంలో సీలు వేసిన రెండవ నమూనాను తిరిగి పరీక్షించే ఏర్పాటు ఉండేలా చూడాలి. మొదటి పరీక్షపై నమ్మకం లేనిచోట వేలం ఎంత పారదర్శకంగా జరిగినా రైతుకు తృప్తి కలగదు.

విద్యార్థుల పరిశోధనకు కొన్ని అంశాలు

ఈ రంగంలో క్షేత్రస్థాయి అధ్యయనానికి విస్తృతమైన అవకాశం ఉంది. ఎలక్ట్రానిక్ వేలంలో పాల్గొన్న రైతులు ఫిర్యాదు ఉండీ ఎంతవరకు మౌనం వహిస్తున్నారు; వారి మౌనానికి కారణం భయమా, సమయాభావమా, ప్రయోజనం లేదన్న భావనా; అప్పు సంబంధం ఉన్న రైతులకు, లేని రైతులకు మధ్య ఈ విషయంలో తేడా ఎంత; చెల్లింపు వివరాలు బహిరంగంగా ప్రదర్శించిన యార్డులలో జాప్యం తగ్గిందా; నాణ్యత పరీక్ష జరిగిన లాట్లకు, జరగని లాట్లకు ధరలో తేడా ఎంత అన్నవి పరిశీలించదగిన ప్రశ్నలు. ఇటువంటి అధ్యయనాలలో నమోదైన అభిప్రాయాలను మాత్రమే విశ్లేషించడం సరికాదని డెల్లారోకస్, వుడ్‌ల అనుభవం బోధిస్తుంది. అభిప్రాయం ఇవ్వనివారిని కూడా నమూనాలో చేర్చి, విడిగా ఇంటర్వ్యూ చేయవలసి ఉంటుంది. రైతు వివరాలు ఖరీదుదారులకు, కమీషన్ ఏజెంట్లకు తెలియకుండా గోప్యత పాటించడం పరిశోధకుని ప్రాథమిక బాధ్యత.

ముగింపు

ఆన్‌లైన్ వేలంలో అభిప్రాయ నమోదు విధానం కేవలం సాంకేతిక సౌకర్యం కాదు. ఎవరు ఎవరిపై, ఎప్పుడు, ఎవరికి తెలిసేలా మాట్లాడవచ్చునో నిర్ణయించే నియమావళి. ఈబే చరిత్రలో కొనుగోలుదారుల ఫిర్యాదు, విక్రేతల ఫిర్యాదు రెండూ న్యాయమైనవే. ఒకే నియమం ఒకరికి రక్షణగాను, మరొకరికి బెదిరింపుగాను పనిచేయడం వలన అవి పరస్పర విరుద్ధంగా కనిపించాయి. బలహీన పక్షానికి నిర్భయంగా మాట్లాడే అవకాశం కల్పించినప్పుడు మార్కెట్ మెరుగుపడిందన్నది 2008 అనుభవం తెలిపిన ప్రధాన పాఠం. అక్కడ ఆ స్థానంలో ఉన్నది కొనుగోలుదారు. వ్యవసాయ మార్కెట్‌లో ఆ స్థానంలో ఉన్నది విక్రేత అయిన రైతు. కాబట్టి ఈబే నియమాన్ని గాక, దాని వెనుక ఉన్న సూత్రాన్ని స్వీకరించాలి. కొలవగలిగినదానిని కొలవడం, జరిగినదానిని జరిగినట్లు నమోదు చేయడం, మాట్లాడలేనివారి మౌనాన్ని అంగీకారంగా భావించకపోవడం అన్న మూడు నియమాలు పాటించినప్పుడు ఎలక్ట్రానిక్ వేలం రైతు విశ్వాసాన్ని పొందగలుగుతుంది.